అనసూర్య లివరు

ఇరవై ఎనిమిదేళ్లు బొగ్గుబాయిలో తట్ట మోసినవాణ్ని, అందులో ఇరవై ఏళ్లు సారా తాగినవాణ్ని నేను. కల్లు తీర్థమని ఇచ్చినా పెదవి తడపనిది నా పెండ్లాం అనసూర్య. మరి లివరు చెడింది ఎవరికంటే ఆమెకు. పైన దేవుడి ఆఫీసులో కూడా మా బాయి గుమాస్తా లాంటివాడే ఒకడు కూర్చుని, ఒకరి మస్టరు ఇంకొకరి పేరు మీద వేస్తుంటాడని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

తొంభై రెండు చలికాలం సంగతి. ఎక్కడ చూసినా ఆడవాళ్లు సారా దుకాణాల మీద పడ్డ కాలం అది. మా కాలనీలో బాయి పనివాళ్ల క్వార్టర్లు మూడు వందలుంటే, సారా దుకాణం ఒక్కటే. దాన్ని నడిపేవాడు సిద్దిరాములు. తెల్ల ధోవతి, మెత్తటి మాట, ఎవరింట్లో చావైనా ముందు చేరే మనిషి. దీపావళి పోయిన వారానికి మా ఆడవాళ్లంతా కూడి మహిళా సంఘం పెట్టుకున్నారు. పెద్దగా ఎవరుండాలన్న మాట వచ్చినప్పుడు పక్క క్వార్టరు నాగవ్వ లేచింది.

"అనసూర్యక్క ఉండాలె. అందరికన్న ఎక్కువ తాగేది ఆమె మొగడే గద."

ఇంకెవరూ పోటీకి రాలేదు. ఆ లెక్కన ఆమెకు పదవి ఇప్పించింది నేనే.

సంఘం వాళ్లు తిట్టేవారు కాదు, కొట్టేవారు కాదు. మొదటి షిఫ్టు దిగే వేళకు నలభై మంది వచ్చి దుకాణం ముందు బతుకమ్మకు నిలబడ్డట్టు గుండ్రంగా నిలబడేవారు. వచ్చిన మగవాణ్ని పేరు పెట్టి పిలిచి, వాడింటి సంగతి ఒకటి నెమ్మదిగా అడిగేవారు. లచ్చయ్యను పట్టుకుని, మీ అవ్వ కండ్ల ఆపరేషనుకు ఎప్పుడు తీసుకపోతవు అని అడిగారు. తిడితే ఎదురు తిట్టొచ్చు. ఇట్లా అడిగితే ఏం చెబుతాడు? మరునాటి నుంచి లచ్చయ్య ఆ తోవ వైపు తల పెట్టలేదు.

నేను మాత్రం అంత తేలిగ్గా లొంగే రకం కాదు. ఒక సాయంత్రం మంకీ క్యాపు కళ్ల దాకా లాక్కుని, బాయి వాచ్‌మన్ దగ్గర దుప్పటి అడుక్కుని కప్పుకుని, ఎందుకైనా మంచిదని కుంటుకుంటూ దుకాణం వెనక వైపు నుంచి పోయాను. అనసూర్య అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతోంది. తల తిప్పకుండానే అన్నది.

"కుంటుడు బంద్ చేసి ఇంటికి పో. కూర పొయ్యి మీదనే ఉన్నది, జర కలుపు."

నలభై మంది నవ్వారు. నేను కుంటడం మరిచిపోయి ఇంటికి నడిచాను. కూర కలిపాను కూడా.

ఆ పొద్దుగూకే వేళ నేను గడప మీద మొఖం మాడ్చుకుని కూర్చుంటే, అనసూర్య వాకిట్లో గిన్నెలు తోముతోంది. చలి ఇగమై కొరుకుతోంది. చేతిలోని ఇత్తడి గిన్నె జారి బండ మీద ఖంగున పడింది. అప్పట్నుంచి జగడానికి సందు వెతుకుతున్నవాణ్ని, సంఘం పెద్దవైనవని గిన్నెలు ఎత్తి పడేస్తున్నవా అంటూ లేచి పోయాను. పోయి ఆమె చేతులు చూసి ఆగిపోయాను. పది వేళ్లూ నడిమి కణుపుల దాకా సున్నపు ముక్కల్లా తెల్లగా ఉన్నాయి. చూస్తుండగానే నీలం తిరిగాయి. ఆమె వాటిని చంకల్లో పెట్టుకుని కూర్చుంటే, ఇంకాసేపటికి కమిలినట్టు ఎర్రగా అయ్యాయి.

ఇదేంది అని అడిగాను.

"గిట్లనే అయితది. నాలుగేండ్ల సంది."

"నాకు చెప్పకపోతివి."

"సాయంత్రం పూట నువ్వు చెప్తె వినే తీరుల ఉంటివా?"

చాలా రోజుల తరువాత ఆమెను దీపం వెలుతురులో కూర్చోబెట్టి చూశాను. వేళ్ల మీద తోలు బిగుసుకుని నిగనిగలాడుతోంది. ఉంగరం ఎప్పుడో కోయించి తీసేసిందట. నోరు చిన్నగా అయిపోయింది. ఆమె నోరారా నవ్వడం మానేసింది నా మీద కోపంతోనని అన్నేళ్లూ అనుకున్నాను. నవ్వుదామన్నా నోరు తెరుచుకోవడం లేదట. ఒళ్లంతా ఒకటే దురద. కళ్లు పచ్చగా ఉన్నాయి.

పసిరికలని, పచ్చకామెర్లేనని అందరూ అన్నారు. మూడు పొద్దులు ఆకు పసరు తాగించాం. నాగవ్వ చెప్పిందని కొండగట్టుకూ పోయాం. ఆ రోజు అంజన్న ముందర మా కంటే పెద్ద కష్టాలతో వచ్చినవాళ్లు రెండు వందల మంది ఉన్నారు, మా వరుస వచ్చేసరికి స్వామి అలిసిపోయినట్టున్నాడు. దురద తగ్గలేదు. చివరికి కాలనీ డిస్పెన్సరీకి పోయాం.

డాక్టరు శ్రీధర్‌రావు కొత్తగా వచ్చిన కుర్రవాడు, మంచివాడు. రక్తం తీయించాడు, టౌనుకు పంపించి కడుపు స్కానింగు చేయించాడు. కాగితాలు వచ్చిన రోజు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి, అవి చూసి, నా మొఖం చూసి, మళ్లీ కాగితాలు చూశాడు.

"ఎన్నేండ్ల సంది తాగుతున్నవు?" అని నన్ను అడిగాడు.

ఇరవై అన్నాను. అంతే, అందుకున్నాడు. లివరు గట్టిపడిందని, గడ్డలు కట్టిందని, ఇంకొక్క చుక్క తాగితే మనిషి దక్కడని, పెండ్లాం మొఖం చూసైనా మానాలని పది నిమిషాలు చెప్పాడు. చావు దగ్గరికి వచ్చినవాడిలా అనసూర్య వైపు చూశాను. ఆమె కాగితం మీది పేరు చూపించింది.

"సారూ, గది నా కాయితం."

డాక్టరు పేరు చదువుకున్నాడు. తరువాత కుర్చీ ఆమె వైపు జరుపుకుని, గొంతు తగ్గించి, నువ్వు రోజుకు ఎంత తీసుకుంటవమ్మా, నాకు చెప్తే ఎవరికీ తెల్వదు అని అడిగాడు. పాపం ఆయన తప్పేముంది, అట్లాంటి లివరు ఆయన తాగుబోతుల దగ్గరే చూశాడు. అనసూర్య లేచి బయటికి నడిచింది. ఆయన మాత్రం నన్ను ఆపి, తనకు అంతుపట్టడం లేదని, హైదరాబాదు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని చీటీ రాసిచ్చాడు.

ఎవరికీ తెల్వదన్న మాట తెర అవతల మందులు కడుతున్న కంపౌండరు కైలాసం చెవిన పడింది. పొద్దుగూకేసరికి మూడు వందల క్వార్టర్లకూ తెలిసింది. సంఘం పెద్ద దొంగచాటుగా తాగుతోందట, లివరు సగం పోయిందట.

ఇక వెతికినవాళ్లకు రుజువులు కూడా దొరికాయి. మొఖం మీద ఆ నిగనిగ ఎక్కడిది? కళ్లు ఆ తీరుగా ఎందుకున్నాయి? అప్పుడప్పుడు చేతిలో గిన్నెలెందుకు పడతాయి? మగడు తెచ్చుకున్నది సగం ఆమే తాగుతుంటే వాడు పాపం రోజూ దుకాణానికి రాక ఏం చేస్తాడు? దుకాణం ముందు నలభై మంది కాస్తా పదిహేను మంది అయ్యారు, తరువాత ఆరుగురు, ఆ తరువాత నలుగురు. సిద్దిరాములు ఎవరినీ ఏమీ అనలేదు. లివరుకు కొబ్బరినీళ్లు మంచివని తెలిసినవాళ్లకల్లా చెప్పుకుంటూ తిరిగాడు.

నాగవ్వ కూడా పొద్దున్నే వచ్చి అనసూర్యకు మరీ దగ్గరగా కూర్చుని మాట్లాడడం మొదలుపెట్టింది. ఊరికే తల చూస్తానంటుంది, చెవి పోగు బాగుందంటుంది, మొఖంలో మొఖం పెడుతుంది. మూడో రోజు అనసూర్య ఆమె రెండు చెంపలూ పట్టుకుని, ఆ చిన్న నోరు తెరవగలిగినంత తెరిచి, ముక్కు మీద గట్టిగా ఊదింది.

"సూస్కున్నవా? ఏం వాసనొచ్చింది?"

"ఉల్లిగడ్డ," అన్నది నాగవ్వ, సిగ్గుపడుతూ. ఆ రోజు నుంచి ఆమె మళ్లీ అనసూర్యను వదిలింది లేదు.

నా సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంటుంది. మగవాళ్లంతా నా మీద జాలిపడ్డారు, ఆ జాలి నాకు హాయిగానే ఉంది. ఆమె ముట్టదని గట్టిగా ఒక్కడితోనూ చెప్పలేదు. ఒక రోజు సిద్దిరాములు నన్ను వెనక తలుపు దగ్గరికి పిలిచి రెండు ప్యాకెట్లు చేతిలో పెట్టాడు. ఒకటి నీకు, ఒకటి అక్కకు, ఇంట్లనే తాగమను, బజార్ల పడితే ఇజ్జతు పోతది అన్నాడు. అక్కడే వాడి మొఖాన కొట్టాల్సింది. కొట్టలేదు. దారిలో రెండూ నేనే తాగాను.

తెల్లారి లేచి చూస్తే అనసూర్య గోడకు వీపు రాసుకుంటోంది. సున్నం గోడ అక్కడ గరుకుగా ఉంటుంది. రవిక వీపున నెత్తురు మరకలున్నాయి. నేను సంచీ సర్దాను. వారం రోజులు లీవు రాయించి, పెద్దపల్లిలో రైలెక్కాం.

హైదరాబాదు ఆసుపత్రిలో రెండు రోజులు బల్లల మీద కూర్చున్నాక ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గరికి పంపించారు. ఆమె కాగితాలు చూడలేదు. అనసూర్య చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"చలికి వేళ్లు తెల్లబడతాయా అమ్మా? తరువాత నీలం, తరువాత ఎరుపు?"

అనసూర్య ఏడ్చింది. నాలుగేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె.

పక్కటెముకల సందున సూది పెట్టి లివరు ముక్క తీస్తామన్నారు. ఆమె పెదవి కొరుక్కుని కదలకుండా పడుకుంది. తలుపు సందులోంచి ఆ సూది పొడవు చూసి నేను పడిపోయాను. బాయిలో పైకప్పు కూలినప్పుడు ఇద్దర్ని భుజాన వేసుకుని తెచ్చినవాణ్ని, అక్కడ నన్ను ఇద్దరు ఆయాలు మోశారు. ఒంట్లో సారా ఉందని తెలిసి నా రక్తం కూడా తీసి పరీక్షకు పంపారు.

నాలుగో రోజు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. రోగాలతో కొట్లాడాల్సిన మన ఒంటి బలమే దారి తప్పి మన ఒంటినే పట్టుకుంటుందట. దాంతో తోలు, తోలు కిందున్న కండ గట్టిపడతాయి. లివరులో పైత్యం పారే సన్నని దారులు మూసుకుపోతాయి. రెండూ ఒక్కరికే రావడం అరుదు, తన సర్వీసు మొత్తంలో ఇట్లాంటి వాళ్లు ఇద్దరే వచ్చారు. పూర్తిగా పోయే జబ్బు కాదు. మందులతో నెట్టుకురావాలి. కొందరికి పదేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ, కొందరికి తక్కువ. చేతులకు చలి తగలనివ్వొద్దు, చన్నీళ్లు అసలే ముట్టొద్దు, ముట్టితే వేళ్ల కొసలు చచ్చిపోతాయి.

అనసూర్య అంతా విని ఒక్కటే అడిగింది.

"గీ రోగానికి, సారాకు సంబంధమున్నదా అమ్మా?"

"ఏమీ లేదు."

"గా ముక్క తెలుగుల రాసి ముద్రేసి ఇయ్యి."

డాక్టరమ్మ నవ్వి రాసిచ్చింది. తరువాత నా వైపు తిరిగి, నా కాగితం కూడా వచ్చిందని, ఇన్నేళ్లు తాగినా లివరుకు ఏమీ కాలేదని, అదృష్టవంతుణ్నని, అది ఇట్లాగే ఉంటుందనుకోవద్దని చెప్పింది. నీ లివరు బాగుందని చెబితే వలవలా ఏడ్చిన మనిషి ఆ ఆసుపత్రిలో నేనొక్కణ్నే అయ్యుంటాను.

బయలుదేరే ముందు పదిహేను మంది డాక్టరు చదువు పిల్లలు ఆమె చేతులు చూడడానికి వచ్చారు. ఒక్కొక్కరే పట్టుకుని చూడాలట. అనసూర్య దుప్పట్లోకి చేతులు లాక్కుంది. జన్మల సారా ముట్టమని ఒట్టు పెట్టినోళ్లకే చూపిస్త అన్నది. పదిహేను మందీ పెట్టారు. ఒకడు బీరు సంగతేంటని అడిగితే వాణ్ని వరుసలో చివరికి పంపింది.

ఇంటికి వచ్చిన మరునాడే కాగితం పట్టుకుని దుకాణం ముందుకు పోయింది. చేతులకు నేను కొన్న ఊలు తొడుగులున్నాయి. పక్కన నాగవ్వ, ఇంకో ఇద్దరు. షిఫ్టు దిగిన మగవాళ్లు, తమాషా చూడడానికి వచ్చిన ఆడవాళ్లు, కాలనీలో సగం మంది అక్కడే ఉన్నారు. నేను మగవాళ్ల వెనకాల నిలబడ్డాను. సిద్దిరాములు మర్యాదగా కుర్చీ తెప్పించి వేశాడు.

"కూసో అక్కా. లివరు మంచిగ లేదంటిరి, నిలబడద్దు."

ఆమె కూర్చోలేదు. కాగితం ఇచ్చింది. అతను దాన్ని కైలాసంతో చదివించాడు. ఈమె కాలేయ వ్యాధికి మద్యం కారణం కాదు అని ఉంది అందులో. కైలాసం చదివి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. సిద్దిరాములు కాగితం మడిచి మళ్లీ ఆమెకే ఇచ్చాడు.

"రాసుడుదేమున్నది. హైదరాబాదుల ముద్రలు అంగట్ల దొరుకుతయి."

మగవాళ్లు నవ్వారు. ఆడవాళ్లలోనూ కొందరు కొంగు అడ్డం పెట్టుకున్నారు. అనసూర్య చేతి తొడుగులు తీసి నాగవ్వకు ఇచ్చింది. సోడాబుడ్లు చల్లబడడానికి దుకాణం గుమ్మం పక్కన పెద్ద బకెట్లో నీళ్లుంటాయి. ఆ బకెట్లో మోచేతుల దాకా చేతులు ముంచింది.

ఏం చేస్తోందో ఎవరికీ అర్థం కాలేదు. నాకు అయ్యింది. మనుషులను తోసుకుంటూ నేను ముందుకు వచ్చేసరికే ఆమె చేతులు పైకెత్తి అందరికీ చూపిస్తోంది. వేళ్లు సున్నమంత తెల్లగా ఉన్నాయి. తెలుపు కాస్తా నీలం తిరిగింది. ఒక ముసలామె పోచమ్మ తల్లీ అని నేల మీద సాగిలపడింది. ఆమె వెనక ఇంకో నలుగురు. సిద్దిరాములు తెలియకుండానే చెప్పులు విడిచాడు.

నేను ఆమె చేతులు పట్టుకుని, అంగీ గుండీలు తెంపి, నా చంకల్లో పెట్టుకుని గట్టిగా అదిమాను. మంచుగడ్డలు పెట్టినట్టు ప్రాణం జివ్వుమంది. పెండ్లయినప్పటి నుంచి నలుగురిలో ఆమె చేయి పట్టుకున్నది లేదు.

"ఇడువు. అందరు సూస్తుండ్రు," అన్నది మెల్లగా.

"సూడనీ." ఆమెను వదలకుండానే మగవాళ్ల వైపు తిరిగాను. "గా డాక్టరమ్మ నా లివరు గూడ సూసింది. మంచిగున్నదట. ఇరవై ఏండ్లు తాగినోనిది మంచిగున్నది, ముట్టనామెది పోయింది. మొన్న సిద్దిరాములు ఆమెకని ఇచ్చిన ప్యాకెటు గూడ నేనే తాగిన. ఇగ నవ్వుండ్రి."

ఎవరూ నవ్వలేదు. ప్యాకెటు సంగతి అప్పుడే విన్న అనసూర్య మాత్రం, చంకలో ఉన్న వేళ్లతోనే నన్ను గట్టిగా గిచ్చింది. వేళ్లలో మళ్లీ నెత్తురు పారుతోందని నాకు అట్లా తెలిసింది.

మరునాడు దుకాణం ముందు అరవై మంది ఆడవాళ్లు. అందులో సగం మంది చేతుల్లో కొబ్బరికాయలు, పసుపు కుంకాలు. నిన్నటిదాకా తాగుబోతు అన్నవాళ్లే ఇప్పుడు తల్లీ అంటున్నారు. పొద్దున్నే మా ఇంటి ముందు వరుస కట్టి, పిల్లగాని నెత్తి మీద చెయ్యి పెట్టు అని ఒకరు, బర్రె ఈనడం లేదని ఒకరు. అనసూర్య రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు గడప మీద నిలబడి తిట్టింది. నేను దేవతను కాదు, పేషెంటును, పెడితె వేడినీళ్లు పెట్టుండ్రి అన్నది. మొక్కులాపి వేడినీళ్లు తేవడం మొదలుపెట్టారు. నాగవ్వ మాత్రం దేవత సంగతి అంత సులువుగా వదులుకోలేదు. అక్కకు మూడో రంగు ఇంకా రాలేదు, వచ్చిననాడు ఎవల గతి ఏమైతదో అని సిద్దిరాములు పెండ్లాం వినేట్టు చెప్పివచ్చింది.

అది విని భయపడ్డాడో, అరవై మందిని దాటుకుని ఒక్కడూ రావడం లేదని చూశాడో, సిద్దిరాములు వారం తిరగకముందే దుకాణం మూసేశాడు. తరువాతి ఏడు ప్రభుత్వమే సారా మొత్తం బంద్ చేసింది. ఇప్పుడు అదే గదిలో అతను మిరపకాయ బజ్జీలు వేస్తున్నాడు. పండుగకు పండుగకు ఆమెకని పొట్లం కట్టి పంపిస్తాడు. నూనెవి తినొద్దన్నారు కనుక అవి కూడా నేనే తింటాను.

నేను మానింది మాత్రం వీటన్నిటి వల్లా కాదు. కాలనీ అంతా అట్లాగే అనుకుంటుంది, నేనూ కాదనను. అసలు సంగతి దురద. మందులు మింగినా అది తగ్గీ తగ్గకుండా ఉంటుంది, పొద్దు గూకితే ఎక్కువవుతుంది. బిగుసుకున్న వేళ్లతో ఆమె వీపు ఆమె గోక్కోలేదు. మా బిడ్డ పెండ్లయి భైంసాకు పోయింది, ఇంట్లో మేమిద్దరమే. ఆ గోడకు రాసుకుంటే నెత్తురు కారుతుంది. మరి గోకడానికి ఒక మనిషి మెలకువగా ఉండాలి కదా. తాగినవాడు ఏడింటికే పడి నిద్రపోతాడు. హైదరాబాదు నుంచి వచ్చాక ఒక రోజు మెలకువగా ఉన్నాను, రెండో రోజూ ఉన్నాను. అట్లా ఆరేళ్లు అయ్యింది.

ఆమెకు మునుపటంత బలం లేదు. కాళ్లకు నీరు వస్తోంది, నెలకోసారి రైలెక్కుతున్నాం. డాక్టరమ్మ కొత్త మాత్రలేవో రాస్తోంది. నాకు బాయిలో ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది. షిఫ్టు దిగి స్నానం చేసి, గోళ్లు ఎక్కడైనా గరుకుగా ఉన్నాయేమోనని చూసుకుని ఆమె వెనక కూర్చుంటాను. ఆమె కాలనీ ముచ్చట్లు చెబుతుంది, సంఘంలో ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో చెబుతుంది. వింటాను.

నిన్న కూడా అట్లాగే చెబుతూ చెబుతూ ఆగింది.

"ఇరవై ఎనిమిదేండ్లు బొగ్గు తోడితివి," అన్నది, "ఒక వీపు గోకుడు రాకపాయె. గక్కడ కాదు. జర కిందికి."